పెరట్లో పూల్ ఫొటోలు బాగున్నాయి, కంచె ఏది?

ఎడిటర్ గారికి,

మొన్న ఆదివారం అనుబంధంలో పెరటి స్విమ్మింగ్ పూల్స్ మీద మీరు వేసిన రెండు పేజీల ఫీచర్ చదివాను. చదివానంటే అందులో చదవడానికి పెద్దగా ఏమీ లేదు, చూశాను అనాలి. నీలం నీళ్లు, పక్కన తెల్ల గొడుగు, రెండు పడక కుర్చీలు, వెనకాల దిగిపోతున్న సూర్యుడు. ఫొటోలు తీసినవాళ్లని ఏమీ అనను, బాగా తీశారు. కానీ అన్ని ఫొటోల్లోనూ పనిగట్టుకుని వెతికాను, ఒక్కదాంట్లోనూ కంచె లేదు, పంపు ఎక్కడ పెట్టారో తెలీదు, మధ్యాహ్నం పూట మనిషి కూర్చోవడానికి నీడ లేదు, తడి కాళ్లతో బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే ఎటు నుంచి వెళ్లాలో తెలీదు. ఆ పేజీ కత్తిరించి దాచుకుని కాంట్రాక్టర్ చేతిలో పెట్టి "అచ్చం ఇలాగే కావాలి" అనేవాళ్లు ఉంటారు. ఇళ్ల బయట పనులు చేయించే సైటు మనిషిని కాబట్టి ఆ కత్తిరించిన పేజీలు చివరికి నా చేతికే వస్తాయి. ఉత్తరం కాస్త పొడుగైంది, చోటు చాలకపోతే మిగతాది కత్తిరించుకోండి గానీ కంచె గురించి, డ్రెయిన్ గురించి రాసింది మాత్రం ఉంచండి.

నేను చెప్పేది ఒకటే. పూల్‌ని నీళ్ల నుంచి మొదలుపెట్టి గీయకండి, గట్టు నుంచి మొదలుపెట్టి గీయండి. పెరట్లో పూల్ ఉన్న ఇంట్లో మనుషులు నిజంగా ఈదే సేపు తక్కువ. మిగతా సేపంతా గట్టు మీద కూర్చుంటారు, పిల్లల్ని చూస్తుంటారు, కాళ్లు నీళ్లలో పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటారు, తువ్వాలు ఎక్కడ పెట్టామా అని వెతుక్కుంటారు. మరి మొదటి ప్లాన్ ఎలా వేస్తారు? కాగితం మధ్యలో పెద్ద నీలం దీర్ఘచతురస్రం గీసేసి, మిగిలిన సందుల్లో కుర్చీలు ఇరికిస్తారు. పని పూర్తయ్యాక చూస్తే కుర్చీ వెనక్కి జరిపితే గోడ, ముందుకి జరిపితే నీళ్లు.

కొలతలు కష్టమేమీ కాదు. పడక కుర్చీ 2 మీటర్ల పొడవుంటుంది, దాని వెనక ఒక మనిషి నడవడానికి ఇంకో 90 సెంటీమీటర్లు కావాలి, అంటే కుర్చీలు వేసే వైపు గట్టు కనీసం 3 మీటర్లు ఉండాలి. ఊరికే నడిచే వైపు 1.2 మీటర్లు చాలు. భోజనాల బల్ల వేస్తే బల్ల వెడల్పు కాక నాలుగు వైపులా కుర్చీ వెనక్కి లాగడానికి మీటరేసి వదలాలి. ఇవన్నీ ముందు వేసుకుని, మిగిలిన చోటులో పూల్ ఎంత పడుతుందో చూసుకోవాలి. తాడో గార్డెన్ పైపో తీసుకుని నేల మీద ఆ ఆకారం పరిచి కొన్ని రోజులు అలాగే వదిలేయమని నేను అందరికీ చెప్తాను. పొద్దున ఎండ ఎక్కడ పడుతోంది, సాయంత్రం పక్కింటి మేడ నీడ ఎంతవరకు వస్తోంది, వంటింటి కిటికీలోంచి చూస్తే ఆ మూల కనిపిస్తోందా లేదా, గాలి ఎటు నుంచి కొడుతోంది, ఇవన్నీ కాగితం చెప్పదు.

గాలి సంగతి చాలామందికి తెలీదు. నీటి మీద తేలే ఆకులు, దుమ్ము, చనిపోయిన పురుగులు అన్నీ గాలి ఎటు తోస్తే అటు చేరతాయి. పైపైన తేలే చెత్తని లాక్కునే స్కిమ్మర్‌ని ఆ చేరే వైపే పెడితే సగం పని గాలే చేసిపెడుతుంది. ఎదురు వైపు పెడితే రోజూ వల పట్టుకుని మీరే తిరగాలి. ఎండ సంగతికొస్తే పూల్‌కి ఎండ కావాలి, మనిషికి నీడ కావాలి, ఈ రెండూ ఒకే చోట కుదరవు. అందుకే పూల్‌ని బయట పెట్టి కూర్చునే చోటుని పందిరి కిందికి తేవాలి. అయితే సాయంత్రపు ఎండ పడమటి నుంచి ఏటవాలుగా వస్తుంది కాబట్టి నెత్తి మీద ఎంత గొప్ప పందిరి వేసినా ఆపలేదు. పడమటి వైపు నిలువుగా ఏదో ఒకటి అడ్డం ఉండాలి, తీగలు పాకించిన జాలీ కావచ్చు, చెక్క పలకలు కావచ్చు. చెట్టు మంచిదే గానీ పూల్ మీదికి ఒరిగే చెట్టు వద్దు. ఆకులు రాలి ఫిల్టర్ బుట్ట నింపుతాయి, కుళ్లిన ఆకుల రంగు పూల్ అడుగున మరకలవుతుంది, వేళ్లు పైపుల వెంట పాకుతాయి.

ఆకారం గురించి మీ ఫీచర్లో ఒక మాట రాశారు, కిడ్నీ ఆకారం మళ్లీ ఫ్యాషన్ అవుతోందని. ఆ ఆకారానికి పేరు తెచ్చిన వాటిలో ముందు చెప్పుకోవాల్సింది కాలిఫోర్నియాలోని సొనోమా దగ్గర 1948లో తోటల డిజైనర్ థామస్ చర్చ్ గీసిన డానెల్ తోట. అక్కడి పూల్ వంపులు, కింద కనిపించే చిత్తడి నేలలో మెలికలు తిరిగే పాయల్ని గుర్తు చేస్తాయి, ఉన్న ఓక్ చెట్లని కొట్టేయకుండా గట్టుని వాటి చుట్టూ తిప్పుకొచ్చారు. అంటే ఆ వంపుకి అక్కడ ఒక కారణం ఉంది. చుట్టూ నిటారు ప్రహరీ గోడలున్న చిన్న పెరట్లో అదే వంపు తెచ్చి పెడితే మూలమూలకీ పనికిరాని ముక్కలు మిగులుతాయి, మీద కప్పడానికి కవర్ కూడా తేలిగ్గా దొరకదు. చిన్న చోటులో దీర్ఘచతురస్రమే మేలు, దానికి నేనేమీ సిగ్గుపడను.

సైజు దగ్గర కూడా జనం ఆవేశపడతారు. లెక్క చూడండి. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటు లోతు 1.35 మీటర్లు అనుకుంటే 43,200 లీటర్ల నీళ్లు, బరువు 43 టన్నులు. "ఎలాగూ తవ్వుతున్నాం కదా" అని దాన్ని 10 మీటర్లు, 5 మీటర్లు, సగటు లోతు 1.8 చేస్తే 90,000 లీటర్లు. పొడవు రెండు మీటర్లే పెరిగింది, నీళ్లు మాత్రం రెట్టింపు దాటాయి. దాంతోపాటు ఫిల్టర్, క్లోరిన్, కరెంటు అన్నీ రెట్టింపు, అదీ ఆ పూల్ ఉన్నన్నాళ్లూ. లోతు ఎందుకంటే దూకడానికి అంటారు. తలకిందులుగా దూకాలంటే కనీసం 9 అడుగుల లోతు ఉండాలని అమెరికన్ రెడ్ క్రాస్ చెప్తుంది, అదీ ఒక్కచోట కాదు, దూకి ముందుకు జారే మేరంతా ఉండాలి. ఇంటి పూల్‌లో అది దాదాపు కుదరదు, కుదరనప్పుడు సగం సగం లోతు పెట్టడం మెడ విరగ్గొట్టుకోవడానికే. డైవింగ్ మాట మర్చిపోండి. 1.2 నుంచి 1.5 మీటర్ల లోతుంటే పెద్దవాళ్లు నిలబడి మాట్లాడుకోవచ్చు, బంతాట ఆడుకోవచ్చు, ఈదుకోవచ్చు. ఒక చివర 20, 30 సెంటీమీటర్ల నీళ్లు నిలిచేలా వెడల్పాటి అరుగు ఇచ్చారంటే చిన్న పిల్లలూ మోకాళ్ల నొప్పులున్న పెద్దలూ అక్కడే చేరతారు. మెట్ల అంచులకి వేరే రంగు టైల్ వేయించండి, నీళ్లలో లోతు కళ్లని మోసం చేస్తుంది, ఎక్కడ మెట్టు అయిపోయిందో తెలీదు.

ఇక కంచె. దీని గురించే ఇంత రాస్తున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో నీళ్లలో మునిగి చనిపోయినవాళ్లు ప్రపంచం మొత్తం మీద దాదాపు 3 లక్షల మంది, అందులో నాలుగో వంతుకి దగ్గరగా ఐదేళ్ల లోపు పిల్లలు. చెరువులు, కాలువలు, బావులు అన్నీ కలిపిన లెక్క అది, కాదనను, కానీ పెరట్లో పూల్ తవ్వామంటే అలాంటిదొకటి ఇంట్లోకి తెచ్చి పెట్టుకున్నట్టే. పైగా మునిగిపోయే పిల్లాడు సినిమాల్లోలాగా చేతులు కొట్టుకుంటూ అరవడు. నోరు నీళ్ల కింద ఉన్నప్పుడు అరుపు రాదు. పక్క గదిలో ఫోన్ మాట్లాడుతున్న తల్లికి ఏమీ వినపడదు, అందుకే "మేం ఇంట్లోనే ఉంటాం కదా" అన్న మాటని నేను లెక్కలోకి తీసుకోను.

ప్రహరీ గోడ కంచె కాదు. ప్రహరీ బయటివాళ్లని ఆపుతుంది, మీ ఇంట్లో పిల్లాడు వచ్చేది వంటింటి తలుపులోంచి. పూల్‌కి నాలుగు వైపులా, ఇంటి వైపు కూడా కలిపి, విడిగా కంచె ఉండాలి. మూడు వైపులా కంచె, నాలుగో వైపు ఇల్లు ఉన్న పూల్‌తో పోలిస్తే నాలుగు వైపులా కంచె ఉన్న చోట పిల్లలు మునిగే ప్రమాదం 83 శాతం తక్కువని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తుంది. ఎత్తు కనీసం 1.2 మీటర్లు, ఊచల మధ్య సందు 10 సెంటీమీటర్లు దాటకూడదు, పిల్లాడు కాలు పెట్టి ఎక్కడానికి అడ్డ కమ్మీలు ఉండకూడదు. గేటు పూల్‌కి ఎదురు దిశగా, అంటే బయటికి తెరుచుకోవాలి, వదిలేస్తే దానంతటదే మూసుకుని గడియ పడాలి, గడియ పిల్లలకి అందనంత ఎత్తులో ఉండాలి. ఇన్ని పెట్టించాక ఆ గేటుకి ఇటుక అడ్డం పెట్టి తెరిచి ఉంచే ఇళ్లు చూశాను, తువ్వాళ్లు తెచ్చుకోవడానికి అడ్డమొస్తోందట. అందుకే తువ్వాళ్ల అలమర కంచె లోపలే పెట్టమంటాను. ఇంకోటి, కంచె బయట దగ్గర్లో పూలకుండీ, బెంచీ, పిల్లల సైకిల్ ఏదున్నా అది నిచ్చెనే. కంచె పెడితే అందం పోతుందని ఆర్కిటెక్టులు కూడా అంటుంటే నాకు విసుగొస్తుంది. గాజు పలకల కంచెలున్నాయి, సన్నటి నల్ల ఊచల కంచెలున్నాయి, చూపుకి దాదాపు అడ్డం రావు. మొదటి రోజే ప్లాన్‌లో గీస్తే కంచె అందంగానే కుదురుతుంది, చివర్లో భయపడి తగిలిస్తేనే జైలులా ఉంటుంది. అలారాలు, తేలే సెన్సర్లు పెట్టుకుంటే పెట్టుకోండి, అవి కంచెకి అదనం మాత్రమే. ఆట అయిపోయాక బొమ్మలు నీళ్లలో వదిలేస్తే పిల్లలు వాటికోసం వస్తారు, తీసేయండి.

అడుగున ఉండే డ్రెయిన్ గురించి ఇంకా తక్కువమందికి తెలుసు. పంపు నీళ్లని లాగేటప్పుడు ఒకే డ్రెయిన్ ఉండి, దాని మీద ఎవరైనా ఆనుకుంటే ఆ పీడనం మనిషిని అక్కడే అతికించేస్తుంది, పెద్దవాళ్లు కూడా లాగి విడిపించలేనంత బలంగా. 2002లో అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు, ఏడేళ్ల వర్జీనియా గ్రీమ్ బేకర్, హాట్ టబ్ డ్రెయిన్‌కి అలా చిక్కుకునే చనిపోయింది. ఆ పాప తల్లి పట్టువదలకుండా పోరాడితే 2007లో ఆ పాప పేరుతోనే చట్టం వచ్చింది. మీరున్న చోట చట్టం ఉన్నా లేకపోయినా చేయాల్సింది ఒకటే. డ్రెయిన్లు కనీసం రెండు, వాటి మధ్య దూరం కనీసం 3 అడుగులు, రెండిటికీ కలిపి ఒకే పైపు, పైన మనిషి అతుక్కోకుండా డిజైన్ చేసిన ఉబ్బెత్తు మూత. ఒకటి మూసుకుపోతే ఇంకోటి లాగుతుంది, మనిషి విడిపోతాడు. మూత పగిలినా ఊడినా ఆ రోజు పూల్ మూసేయాలి.

కరెంటు గురించి ఎలక్ట్రీషియన్‌ని ఒక్క మాట అడగండి: "బాండింగ్ చేశారా?" ఎర్తింగ్ ఒకటే చాలదు. పూల్ ఊచలు, నిచ్చెన, చేతి కమ్మీలు, పంపు బాడీ, కాంక్రీటులో ఉన్న ఇనుప కడ్డీలు, దగ్గర్లో ఉన్న లోహం అంతా రాగి తీగతో ఒకదానికొకటి కలపాలి, అప్పుడు ఎక్కడ లీకైనా తడి మనిషి ముట్టుకున్న రెండు వస్తువుల మధ్య వోల్టేజీ తేడా ఉండదు. లైన్ మీద 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయే ట్రిప్ స్విచ్, నీటి లోపల 12 వోల్టుల లైట్లు. పూల్ పైనుంచి కరెంటు తీగలు వెళ్తుంటే అక్కడ పూల్ కట్టొద్దు, అంతే.

కట్టడం గురించి మీరు "కాంక్రీటు తొట్టి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నేల లోపల నీటి ఊట ఉన్న చోట ఆ తొట్టే పడవ అవుతుందని ఎంతమందికి తెలుసు? పైన చెప్పిన 8, 4 మీటర్ల పూల్‌కి గోడలూ అడుగూ 15 సెంటీమీటర్ల మందం అనుకుంటే ఖాళీ తొట్టి బరువు ఇంచుమించు 23 టన్నులు. వానాకాలంలో చుట్టూ ఊట అంచు దాకా ఎక్కితే అది పైకి తోసే బలం 50 టన్నులు దాటుతుంది. నిండుగా ఉన్నన్నాళ్లూ ఏమీ కాదు. శుభ్రం చేద్దామని పూల్ ఖాళీ చేసిన రోజున మొత్తం పైకి లేచి పైపులు తెంపుకుంటుంది. దీనికి అడుగున డ్రెయిన్ గుంతలో ఊట ఒత్తిడి తగ్గించే చిన్న వాల్వ్ ఉంటుంది, కట్టేటప్పుడు చాలా చిన్న ఖర్చు, తర్వాత పెట్టడం అయ్యేపని కాదు. నేల పరీక్ష చేయించకుండా తవ్వేవాళ్లకి ఇవన్నీ ఎవరు చెప్తారు?

వాటర్‌ప్రూఫింగ్ ఇవాళ్టి గొడవ కూడా కాదు. మొహెంజోదారో మహాస్నానవాటిక, సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతు, అందులో నాలుగు వేల ఏళ్ల కిందటే ఇటుకల్ని జిప్సం కలిపిన గచ్చుతో బిగించి, వెనక తారు పొర పూశారు, రెండు చివరలా మెట్లు పెట్టారు. ఇప్పుడు తొందర ఎక్కువైంది. టైల్స్ వేయకముందే పూల్‌ని నీళ్లతో నింపి కొన్ని రోజులు మట్టం చూడాలి. పైపుల మీద కాంక్రీటు పోసే ముందు వాటిని ఒత్తిడితో పరీక్షించి, పోసేటప్పుడు కూడా గేజ్ బిగించి ఉంచాలి, ఎవరి గునపమైనా తగిలితే ముల్లు పడిపోయి అప్పుడే తెలుస్తుంది. పూడ్చే ముందు ప్రతి పైపునీ పక్కన టేపు పెట్టి ఫొటో తీసుకోండి, మీ ఫీచర్లోని ఫొటోలన్నిటికంటే అవే ఎక్కువ పనికొస్తాయి. గట్టు కింద నుంచి ఖాళీ పైపులు నాలుగు అదనంగా వేసి పెట్టుకోండి, రేపు లైటో ఫ్యానో పెట్టుకోవాలంటే రాళ్లు పగలగొట్టనక్కర్లేదు.

గట్టుకి రాయి ఎంచుకునేటప్పుడు షోరూములో చెప్పులేసుకుని చూస్తారు. ఆ రాయి ముక్క ఇంటికి తెచ్చి నడి మధ్యాహ్నం ఎండలో పెట్టి ఉత్త కాలు పెట్టి చూడండి, తర్వాత నీళ్లు పోసి తడి కాలు పెట్టి చూడండి. ముదురు రంగు నున్నటి రాయి ఈ రెండు పరీక్షల్లోనూ ఫెయిలవుతుంది. వాలు మీటరుకి 1 నుంచి 2 సెంటీమీటర్లు, పూల్ నుంచి బయటికి, కానీ ఇంటి గోడ వైపు కాదు. ఇల్లు దగ్గరగా ఉంటే మధ్యలో జాలీ కాలువ వేయాల్సిందే. పూల్ అంచుకీ గట్టుకీ మధ్య సాగే సీలెంట్‌తో నింపిన సందు వదలాలి, అవి రెండూ వేర్వేరుగా కదులుతాయి, సిమెంటుతో కలిపేస్తే మొదటి ఎండాకాలానికే చీలుతుంది.

నీళ్ల విషయంలో ఒక అపోహ ఉంది, మీ ఫీచర్లోనూ అది కనిపించింది. క్లోరిన్ వాసన ఘాటుగా వస్తే క్లోరిన్ ఎక్కువైందని అనుకుంటారు. తరచూ అసలు సంగతి తిరగబడి ఉంటుంది. చెమట, మూత్రంతో కలిసి క్లోరిన్ అరిగిపోయి క్లోరమైన్లుగా మారితే వచ్చే వాసన అది, కళ్లు మండేదీ అందుకే. నీళ్లలోకి దిగే ముందు ఒక్క నిమిషం షవర్ కింద నిలబడితే అందులో చాలా భాగం తగ్గుతుంది, కాబట్టి గట్టు మీద షవర్ అలంకారం కాదు, పూల్‌లో భాగం. పీహెచ్, అంటే నీళ్లలో ఆమ్ల, క్షార గుణం చెప్పే కొలత, 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి, క్లోరిన్ కనీసం 1 పీపీఎం, అంటే లీటరుకి 1 మిల్లీగ్రాము, ఎండకి క్లోరిన్ త్వరగా పోకుండా కాపాడే స్టెబిలైజర్ మందు వాడితే కనీసం 2. పీహెచ్ ఎందుకంత ముఖ్యమంటే 7.5 దగ్గర క్లోరిన్‌లో సగమే క్రిముల్ని గట్టిగా చంపే రూపంలో ఉంటుంది, 8కి ఎక్కితే అది పావు వంతుకి పడిపోతుంది. క్లోరిన్ డబ్బాలు గుమ్మరించినా పాచి పోవట్లేదని తల పట్టుకునేవాళ్లు ముందు పీహెచ్ చూసుకోవాలి. యాసిడ్‌నీ క్లోరిన్‌నీ ఒకే అలమరలో పెట్టొద్దు, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. యాసిడ్‌ని నీళ్లలో పోయాలి, నీళ్లని యాసిడ్‌లో పోయకూడదు. పంపు గదికి గాలి ఆడాలి, తాళం ఉండాలి.

పంపు గురించి పెద్దగా చెప్పను, ఒక్క లెక్క చాలు. వేగం సగానికి తగ్గిస్తే నీళ్లు సగమే కదులుతాయి గానీ లాగే కరెంటు దాదాపు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అంటే రెట్టింపు సేపు నడిపినా అవే నీళ్లకి పావు వంతు కరెంటే అవుతుంది, పైగా శబ్దం తక్కువ. వేగం మార్చుకునే పంపు కొనేటప్పుడు ఎక్కువ అనిపిస్తుంది, దాని గురించి బేరం ఆడొద్దు. అది ఎవరి పడకగది కిటికీ కిందో మాత్రం పెట్టొద్దు, మీదైనా పక్కింటివాళ్లదైనా.

ఇంకా నీళ్లు ఆవిరవుతాయి. ఎండా గాలీ ఉన్న రోజు 5 మిల్లీమీటర్లు తగ్గడం మామూలే, 32 చదరపు మీటర్ల పూల్‌కి అది రోజుకి 160 లీటర్లు, నెలకి 4,800. వాడనప్పుడు కవర్ కప్పితే ఆ నష్టం బాగా తగ్గుతుంది, క్లోరిన్ కూడా మిగులుతుంది. కానీ కవర్ చుట్టి పెట్టే రోలర్‌కి చోటు ప్లాన్‌లో ఎవరూ ఇవ్వరు, చివరికి అది మూలన పడి ఉంటుంది. కవర్ ఉందని కంచె మానేయకండి, మామూలు కవర్ మీద పిల్లాడు అడుగేస్తే మునుగుతాడు, పైగా కనపడడు కూడా. లీకేమో అని అనుమానమొస్తే బకెట్ నిండా నీళ్లు పోసి పూల్ మెట్టు మీద పెట్టి, ఒక రోజు తర్వాత బకెట్‌లో ఎంత తగ్గింది, పూల్‌లో ఎంత తగ్గింది చూడండి, పూల్‌లో ఎక్కువ తగ్గితే లీకే. ఇంత నీళ్లకి భరోసా లేని చోట అసలు పూల్ వద్దనే చెప్తాను, పందిరీ షవరూ ఒక చిన్న నీటి తొట్టీ ఉన్న పెరడు కూడా బాగానే ఉంటుంది, నా పనికి నష్టమైనా సరే.

మొక్కలతో నీళ్లు శుభ్రపరిచే సహజ పూల్స్ గురించి కూడా అడుగుతున్నారు. 1980ల్లో ఆస్ట్రియాలో మొదలైన పద్ధతి, క్లోరిన్ అక్కర్లేదు, నాకూ ఇష్టమే. అయితే ఈదే చోటు ఎంతో మొక్కల చోటు కూడా దాదాపు అంత ఉండాలి, చిన్న పెరడుకి అది కుదరదు, నీళ్లు కూడా ఫొటోల్లోలా నీలంగా ఉండవు.

బయట వంట, లైట్లు, సోఫాలు, వీటి గురించి మీవాళ్లు బాగానే రాశారు కాబట్టి రెండు మాటలే. నిప్పుల పొయ్యి ఇంటి గోడకి కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలి, పొగ కూర్చున్నవాళ్ల మీదికి కాకుండా గాలి తీసుకుపోయే వైపుకి. లైట్లు కళ్లలోకి కొట్టకుండా కాళ్ల దగ్గర తక్కువ వెలుగుతో ఉంటే చాలు, నీటి లోపలి లైటు ఇంటి వైపు చూడకూడదు. ఇక బాత్‌రూమ్‌కి బయటి నుంచి ఒక తలుపు పెట్టించుకోండి, హాలంతా నీళ్లు కారుతూ పరుగెత్తే పిల్లల మీద అరిచే పని తప్పుతుంది.

ఇప్పుడు మీ పత్రికని అడిగేది. ఇంకోసారి ఇలాంటి ఫీచర్ వేస్తే ఒక్క ఫొటో తగ్గించి, ఆ చోటులో ఒక ఇంటి ప్లాన్ కొలతలతో సహా వేయండి, గేటు, పంపు, షవర్, నీడ ఎక్కడున్నాయో అందులో కనపడాలి. కంచె అడ్డమొస్తోందని ఫొటో కోసం తీసేస్తే ఆ సంగతి కింద రాయండి. అలాగే "ఉప్పు పూల్‌లో క్లోరిన్ ఉండదు" అని మీరు రాసిన వాక్యానికి సవరణ వేయాలి. ఉప్పు పూల్‌లో ఉండేది క్లోరినే, లీటరుకి 3 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి, ఆ ఉప్పులోంచి యంత్రం అక్కడికక్కడే క్లోరిన్ తయారుచేస్తుంది. పీహెచ్ కూడా అందులో పైకి ఎగబాకుతూ ఉంటుంది కాబట్టి పరీక్ష ఇంకా జాగ్రత్తగా చేసుకోవాలి. మీ వాక్యం చదివి టెస్ట్ కిట్ కొనడం మానేసేవాళ్లు ఉంటారు, అందుకని వచ్చే ఆదివారం దాకా ఆగకుండా ఈ వారంలోనే వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు